వాణిజ్య విద్యార్థికి నీతి పాఠం

వాణిజ్య విద్యార్థికి సామాజిక బాధ్యత అనగానే గుర్తుకు వచ్చేది 2013 నాటి కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్. నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ళ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సమాజహితానికి ఖర్చు చేయాలని అది ఆదేశిస్తుంది. మంచిదే. కాని లాభం ఎలా ఖర్చయిందన్నది సగం ప్రశ్న మాత్రమే. అది ఎలా వచ్చిందన్నది మిగతా సగం.

హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఉదంతం చూడండి. దాని అధిపతి 2005లో నెలకొల్పిన 108 అంబులెన్సు సేవ ఎందరి ప్రాణాలనో నిలిపింది. ఆయనే 2009 జనవరి 7న, లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని లేఖ ద్వారా ఒప్పుకున్నారు. దానం నిజమే, లెక్క అబద్ధం. మొదటిది రెండవదానికి పరిహారం కాదు.

సహీహ్ ముస్లింలోని ఒక హదీసు ఈ తేడాను చక్కగా బోధిస్తుంది. దైవప్రవక్త (స) అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనానికి కనిపించేలా దాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. వాన కురవడం వర్తకుని తప్పు కాదు. తడిని దాచడమే తప్పు.

కనుక నీతిని ఏడాదికొక ఉపన్యాసంతో సరిపెట్టక, అకౌంట్లు, ఆడిట్, ప్రకటనల పాఠాలలోనే కలిపి బోధించాలి. ప్రతి లెక్క ముగిశాక అధ్యాపకుడు అడగాలి: "కొనేవారికీ వాటాదారులకూ కనిపించకుండా ఇందులో అడుగున దాచినదేమిటి?" ఈ ప్రశ్న అలవాటైన విద్యార్థి రేపు సంతకం చేసేముందు ఒక్క క్షణమైనా ఆగుతాడు.