పిడుగువానకు ముందు ఒక లెక్క

వైశాఖమాసపు మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే "సాయంత్రం గాలివాన తప్పదు" అంటారు పెద్దలు. ఒకనాడు వస్తుంది, మరునాడు అంతే ఎండ కాసినా ఆకైనా కదలదు. ఇందుకు కారణం పై గాలులలో ఉన్నది.

నేల వేడికి తేలికైన గాలి పైకి లేచి, వ్యాకోచించి, కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. అందలి ఆవిరి మేఘంగా మారునపుడు గుప్తోష్ణం వెలువడి, ఆ చల్లబడుట మందగిస్తుంది. అప్పటికి చుట్టూ ఉన్న గాలికంటె అది వెచ్చగా ఉన్నచో ఆగక పైకి పోతుంది. ఇదియే వాతావరణ అస్థిరత.

దీనిని కొలుచుటకు హైదరాబాదు, విశాఖపట్నం వంటి కేంద్రాల నుండి రేడియోసాండ్ అను పరికరాన్ని బెలూనుకు కట్టి ఎగురవేస్తారు. అది పై గాలుల ఉష్ణోగ్రతను, తేమను, పీడనాన్ని తెలుపుతుంది. సుమారు ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున, 500 మిల్లీబార్ల పీడనం వద్ద, చుట్టూ ఉన్న గాలి మైనస్ 8 డిగ్రీలు, క్రిందినుండి లేచిన గాలి మైనస్ 3 డిగ్రీలు అనుకొందాం. మొదటిదానినుండి రెండవది తీసివేయగా మైనస్ 5 వస్తుంది. 1956లో గాల్వే ప్రతిపాదించిన 'లిఫ్టెడ్ ఇండెక్స్' ఇదే. సున్నకు ఎంత దిగువనుంటే అస్థిరత అంత హెచ్చు.

అయితే గాలిని తొలుత పైకి నెట్టు కారణం కూడ ఉండాలి. కనుక ఈ అంకె అవకాశాన్ని తెలుపునే గాని, ఏ చెట్టుపై పిడుగు పడునో తెలుపలేదు. ఉరుము వినబడగానే చెట్టునీడ విడిచి పక్కా ఇంటికి చేరవలెనని, సెలవులకు ఊళ్ళకు వెళ్ళు విద్యార్థులు పొలాలలోని తమవారికి తెలియజెప్పిన, ఈ చదువు సార్థకమగును.