మా యింట జపాను వారి సేమ్యా

పేరు చూసి పాఠకులు నవ్వుకోవచ్చును. కొల్నార ఎక్కడ, జపాను ఎక్కడ! మొదట మేమూ నవ్వుకొన్నవాళ్ళమే. ఐతే క్రిందటి వానాకాలంలో మా యింట ఒక చిక్కు వచ్చిపడింది. ఆ చిక్కులోంచి బయటపడే దారి వెతుకుతూ వెతుకుతూ ఈ వంటల జోలికి వెళ్ళాము. పదిమందికీ పనికివచ్చే సంగతి గదా అని వ్రాస్తున్నాము.

మా అమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. ఆషాఢంలో చివరి పళ్ళు కూడా తీయించవలసి వచ్చింది. కట్టుడు పళ్ళు కట్టించాము గాని అవి ఒక పూట ఉంటే రెండు పూటలు గ్లాసులోనే ఉండేవి. నొప్పి అంటుంది. అన్నం మెత్తగా ఉడికిస్తే "రోగం కూడు నాకెందుకురా" అంటుంది. రొట్టె నమలలేదు. చారు నీళ్ళూ, మజ్జిగా త్రాగి పడుకోవడం మొదలుపెట్టింది. భాద్రపదం వెళ్ళేసరికి ఆరు కిలోల బరువు తగ్గింది. రక్తపుపోటు ఉన్నది కాబట్టి ఉప్పు తగ్గించమనీ, ఏదో ఒకటి కడుపు నిండా తినిపించమనీ డాక్టరుగారు చెప్పారు. ఈ రెండు మాటలూ ఒకచోట ఇమడవని ముసలివాళ్ళున్న యింటివారందరికీ తెలుసును.

దసరా సెలవులకు మా అమ్మాయి విశాఖపట్నం హాస్టలు నుంచి వచ్చింది. సంచిలో రెండు పొడుగాటి ప్యాకెట్లు తెచ్చింది. వాటిని స్పగెట్టీ అంటారట. హాస్టల్లో తోటి పిల్ల ఒకతె వీటిని జపాను వాళ్ళ పద్ధతిలో వండుతుందనీ, చాలా సులువనీ చెప్పింది. సులువు మాట వినగానే మా ఇంటావిడ "ఇటు యివ్వు, నేను చూస్తాను" అని అందుకొన్నది. సేమ్యా ఉప్మా చేసినట్టే నేతిలో దోరగా వేయించి, కొలత నీళ్ళు పోసి, మూత పెట్టింది. అరగంటకు మూత తీస్తే అడుగున మాడు, పైన జిగురు. గరిటె నిలబెడితే నిలబడింది! మా అమ్మ తొంగిచూసి "ఇదేటమ్మా, గోడకు కాయితాలంటించుకోడానికా?" అన్నది. మూడు నెలల తర్వాత ఆమె వేళాకోళం ఆడడం అదే మొదలు. అందుచేత వంట పాడైనా మాకెవ్వరికీ కోపం రాలేదు.

తప్పెక్కడ జరిగిందో తరువాత తెలిసింది. సేమ్యాకు కొలత నీళ్ళు చాలును. నీళ్ళన్నీ అదే పీల్చుకొంటుంది. స్పగెట్టీ గట్టి గోధుమ రవ్వతో చేసిన లావుపాటి సరుకు. దాన్ని పెద్ద గిన్నెలో తెర్లే నీళ్ళలో ఉడికించి వార్చవలెను. పూర్వం మన యిళ్ళలో అన్నం వార్చినట్టే అన్నమాట. మనిషికి 100 గ్రాముల సరుకు, దానికి ఒక లీటరు నీళ్ళు. నీళ్ళు తక్కువైతే పిండి చిక్కబడి పోగులు ఒకదానికొకటి అంటుకొంటాయి. వార్చిన గంజి మాత్రం పారబోయకండి. ఒక గిన్నెడు పక్కన పెట్టుకోండి. అసలు కీలకం దానిలోనే ఉన్నది.

ఇంతకూ ఇది జపాను వంట ఎట్లా అయింది? ఈ పోగులు ఇటలీ దేశపువి. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం జపానులో దిగినప్పుడు యొకొహామాలోని న్యూ గ్రాండ్ హోటలును తమ అధీనంలోకి తీసుకొన్నారు. ఆ సైనికులు ఉడికిన స్పగెట్టీలో టమాటా కెచప్ కలుపుకొని తినడం ఆ హోటలు వంటపెద్ద ఇరియె షిగెతదా చూశాడనీ, అంతకంటె రుచిగా చేయాలని టమాటాలతో తన సొంత వంటకం తయారు చేశాడనీ చెబుతారు. దానికి 'నపోరితన్' అని పేరు. ఇటలీలోని నేపుల్సు నగరం పేరు మీద పెట్టినది. చిత్రమేమంటే నేపుల్సులో ఆ వంట లేదు! మన వీధి బండ్ల మీద మంచూరియా వంటిదే ఇదీను. తరువాత కాఫీ హోటళ్ళవారు టమాటాలు మాని చవకగా దొరికే కెచప్‌తోనే చేయడం మొదలుపెట్టారు. అలా అది జపాను పిల్లలందరికీ యింటి వంట అయిపోయింది.

రెండవ మలుపు టోక్యోలో. 1953లో నరుమత్సు తకయసు అనే ఆయన ఒక చిన్న స్పగెట్టీ హోటలు పెట్టాడు. దాని పేరు 'కబె నొ అన', అంటే గోడలో కన్నం. అక్కడ 1960ల నుంచి చేపగుడ్లు, పుట్టగొడుగులు, సోయా సాసు వంటి తమ దేశపు సరుకులతో స్పగెట్టీ కలపడం మొదలయింది. ఇటలీవారి మసాలా దినుసులు లేకపోయినా, తమ యింట్లో ఉన్నవాటితోనే పని జరిపించుకొన్నారు. మాకు నచ్చిన సంగతి ఇదే. వాళ్ళ యింట్లో ఉన్నవాటితో వాళ్ళు చేసుకొన్నప్పుడు మన యింట్లో ఉన్నవాటితో మనమెందుకు చేసుకోరాదు?

రాయగడలో సోయా సాసు కొనడానికి ఏమీ కష్టపడనక్కరలేదు. చౌమిన్ బండి వాళ్ళకు అమ్మే దుకాణాలలో సీసాలు వరుసగా ఉంటాయి. ఐతే ఒక హెచ్చరిక. ఒక పెద్ద చెంచాడు సోయా సాసులో రెండు గ్రాములకు పైగా ఉప్పు ఉంటుంది. రోజు మొత్తానికి ఒక మనిషికి 5 గ్రాముల కంటె తక్కువ ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మామూలుగా లీటరు నీళ్ళకు 10 గ్రాముల ఉప్పు వేసి స్పగెట్టీ ఉడికిస్తారు. సోయా సాసు వేసే వంటకు దానిలో సగం వేయండి. పోటు ఉన్నవారికైతే నీళ్ళలో ఉప్పు అసలే వద్దు. మేము మా అమ్మ వంతు వేరే గిన్నెలో ఉప్పు లేకుండా ఉడికించి, సాసు కాఫీ చెంచాలో సగం మటుకు వేస్తున్నాము.

ఇక మొదటి వంట. ఇది పుట్టగొడుగులతో. మా వైపు వానలకు అడవి పుట్టగొడుగులు సంతకు వస్తాయి. తెలిసినవారి దగ్గర తెలిసిన రకం తప్ప కొనకండి. విషపు రకాలు చూపుకు మంచివాటి లాగానే ఉంటాయి. ఆ భయం లేకుండా కావాలంటే ఒడియాలో 'పాళ ఛతు' అనే గడ్డి మీద పెంచిన పుట్టగొడుగులు శ్రేష్ఠం. నలుగురికి 300 గ్రాముల స్పగెట్టీ, 200 గ్రాముల పుట్టగొడుగులు చాలును. ప్యాకెట్టు మీద వ్రాసిన సమయానికి ఒక నిమిషం ముందే పోగులు దింపి వార్చుకోవలెను. మూకుడులో ఒక చెంచా నూనె, రెండు వెల్లుల్లి రెబ్బల తరుగు వేసి, పుట్టగొడుగులు పెద్ద సెగ మీద నీరు ఇగిరేదాకా వేయించాలి. పోగులు వేసి, దాచిన గంజి ఒక గరిటెడు పోసి, గబగబా కలపాలి. ఒక పెద్ద ముద్ద వెన్న వేయాలి. గంజీ వెన్నా కలిసి పోగులకు సన్నటి పూతలా పట్టుకొంటాయి. ఇందాక కీలకమన్నది ఇదే. స్టవ్ ఆర్పేసి చివర సోయా సాసు రెండు చిన్న చెంచాలు వేయవలెను. ముందే వేసి మరిగిస్తే దాని పరిమళం పోతుంది. పైన ఉల్లికాడలు, మిరియాల పొడి. చిలికిన వెన్న ఉంటే దుకాణపు వెన్న కొనకండి. దుకాణపు వెన్నలో ఉప్పు కలిపి ఉంటుంది సుమా.

దీని రుచి ఎందుకంత బాగుంటుందో దానికీ ఒక కథ ఉన్నది. 1908లో ఇకెదా కికునయె అనే టోక్యో ఆచార్యుడు తన యింటి చారులో వేసే సముద్రపు నాచులో తీపీ పులుపూ ఉప్పూ చేదూ కాని మరొక రుచి ఉన్నదని కనిపెట్టి, దానికి 'ఉమామి' అని పేరు పెట్టాడు. మరుసటి సంవత్సరమే అది పొడి రూపంలో అజినొమోటో అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. మన పెళ్ళి వంటల దగ్గర వంటవాళ్ళు గుప్పిట్లో దాచుకొని తెచ్చే ఆ తెల్లపొడే ఇది! ఆ రుచి పొడిలోనే ఉండాలని లేదు. పండిన టమాటాలోనూ, ఎండిన పుట్టగొడుగులలోనూ, ఎండుచేపలలోనూ దండిగా ఉన్నది.

ఎండుచేపల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. జపాను వాళ్ళు ఎండబెట్టిన చిన్న చేపలతో చారు కాస్తారు. మన నెత్తళ్ళతో అలాగే చేయవచ్చును. తలలూ పొట్టలూ తీసేసి, లేకపోతే చేదు వస్తుంది, ఇసుక పోయేదాకా కడిగి, అర లీటరు నీళ్ళలో అరగంట నానబెట్టి, సన్నని సెగ మీద పది నిమిషాలు కాచి వడగట్టాలి. ఆ నీళ్ళు రెండు గరిటెలు వేస్తే సోయా సాసు సగానికి సగం తగ్గించవచ్చును. మా యింట్లో తక్కినవాళ్ళందరం తిన్నాము. ఐతే మా నాన్నగారు పోయిన నాటి నుంచీ మా అమ్మ నీచు ముట్టదు. "నాన్నమ్మకు తెలియకుండా ఒక్క గరిటె పోద్దాం, బలం వస్తుంది, వాసన కూడా తెలియదు" అని మా అమ్మాయి గుసగుసలాడింది. పిల్ల ప్రేమతోనే అన్నది. అప్పటికి అమ్మ బరువు ఇంకా తగ్గుతూనే ఉన్నది గూడాను. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు ఆలోచించాము. పన్నెండేళ్ళుగా ఒక మనిషి పట్టుకొని ఉన్నదాన్ని ఆమెకు తెలియకుండా మనం విడిపించగూడదని మా ఇంటావిడ తేల్చేసింది. మరునాడు పుట్టగొడుగులు ఎండబెట్టడానికి చాట తీసింది. నాలుగెండలు పడ్డాక వాటిని నానబెట్టిన నీళ్ళే అమ్మ గిన్నెలోకి వెళ్ళాయి.

అమ్మకు నిజంగా అచ్చివచ్చింది మాత్రం ఆ నపోరితనే. కారణం విచిత్రంగా ఉంటుంది. ఇటలీవారు పోగు పంటి కింద కాస్త గట్టిగా తగలాలంటారు. జపాను కాఫీ హోటళ్ళవారు మాత్రం నపోరితన్‌కు బాగా మెత్తగా ఉడికించి, నూనె రాసి, గంటల తరబడి పక్కన పెట్టి, తరువాత మూకుడులో వేయిస్తారు. అంటే పళ్ళు లేనివాళ్ళకూ, ఆఫీసుకు పరుగెత్తేవాళ్ళకూ కూడా కుదిరే వంట. ఉదయం వార్చి పెట్టుకొంటే సాయంకాలం పది నిమిషాల పని. ఉల్లిపాయ, క్యాప్సికం సన్నగా తరిగి మెత్తబడేదాకా వేయించాలి. నాలుగు చెంచాల కెచప్‌ను పోగులు వేయకముందే మూకుడులో వేసి, పచ్చి పులుపు పోయి రంగు ముదిరేదాకా వేయించాలి. తరువాత పోగులు, రెండు చెంచాల పాలు, కాస్త వెన్న. కెచప్‌లో ఉప్పూ చక్కెరా రెండూ ఉంటాయి కాబట్టి అమ్మకు మేము సగం కెచప్, సగం ఉడికించి వడగట్టిన టమాటా గుజ్జు వేస్తాము. పొడుగు పోగులు ముసలివాళ్ళకు గొంతుకు అడ్డుపడతాయి. అందుకని ముందే అంగుళం ముక్కలుగా విరిచి ఉడికించండి. ఇటలీవారూ జపానువారూ చూస్తే బాధపడతారు కాబోలు. పడనివ్వండి.

వెదురు కొమ్ములు కూడా ఒక మాట. ఒడియావారు కరడి అంటారు. జపాను వాళ్ళకూ ఇవంటే ప్రాణం. జేకేపూర్ కాగితం మిల్లుకు వెళ్ళే వెదురు చూసి చూసి మన వాళ్ళకు దాని లేత కొమ్ము రుచి గుర్తుండదు. సన్నగా తరిగి, బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్త నీళ్ళలో ఉడికించనిదే తినగూడదు. పచ్చి కొమ్ములో విషం ఉంటుంది. తరువాత పుట్టగొడుగుల పద్ధతిలోనే వండుకోవడం.

వేసవిలో తెరువలి, కొల్నార వైపు ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. అప్పటికి చల్ల స్పగెట్టీ ఉన్నది. రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించి, కుండ నీళ్ళలో కడిగి వార్చి, కీరదోస తరుగు, నిమ్మరసం, వేయించి దంచిన నువ్వులు, చెంచాడు సోయా సాసు కలిపితే సరి. మేము ఒకసారి నువ్వులకు బదులు వలిసెలు వేశాము. బాగానే ఉన్నది.

మా తాతగారు పార్వతీపురం వైపు నుంచి వచ్చినప్పుడు ఈ ప్రాంతమంతా మదరాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా. 1936లో ఒడిశాలో కలిసింది. 1992లో కోరాపుట్ జిల్లా నుంచి విడిపోయి రాయగడ జిల్లా అయింది. ఇన్ని మారినా అమ్మ వంటింట్లో మాత్రం చోడి అంబలీ, చింతపండు పులుసూ, సంక్రాంతి అరిసెలూ అలాగే ఉన్నాయి. దానిలోకి కొత్త వంటను ఆమె తానై రానిస్తుందనుకోలేదు.

కార్తీకం నాటికి బరువు తగ్గడం ఆగింది. పుష్యంలో రెండు కిలోలు పెరిగింది. క్రిందటి ఆదివారం మా ఇంటావిడ మామూలు అన్నం పప్పు వడ్డిస్తే, అమ్మ కంచం వైపు చూసి, "ఏటి కోడలా, ఆ యెర్రటిది లేదా ఇవాళ? నల్లనీళ్ళది కాదు, ఆ యెర్రటిది" అన్నది. ప్యాకెట్లు అయిపోయి నాలుగు రోజులయింది. సైకిలు తీసి దుకాణానికి వెళ్ళాము.