అట్టముక్కల సైన్యాలు

చదరంగం ఎరిగిన మనకు బల్లమీది యుద్ధం కొత్త కాదు. అయితే ఈ దేశంలో పుట్టిన 'వార్ గేమ్'ల తీరు వేరు. మేరీలాండ్‌కు చెందిన ఛార్లెస్ రాబర్ట్స్ 1954లో 'టాక్టిక్స్' ఆటను అమ్మకానికి పెట్టారు. 1958లో ఆయన సంస్థ అవలాన్ హిల్ 'గెటిస్‌బర్గ్' వెలువరించింది. అది 1863 జులైలో మూడు రోజులు నిజంగా జరిగిన పోరు.

1961 నుంచి ఈ ఆటల పటాలకు తేనెపట్టు వంటి ఆరు పలకల గళ్ళు వచ్చాయి. చదరపు గళ్ళలో మూలకు జరిగితే దూరం పెరుగుతుంది. ఇక్కడ ఆరు దిక్కులా ఒకటే దూరం. ప్రతి అట్టముక్క మీద దాని బలం, నడక అంకెల్లో ఉంటాయి. 11 బలంతో 4ను ఎదిరిస్తే 2కు 1గానే లెక్క. మిగిలిన భిన్నం కాచుకునేవాడికి లాభం. ఆపైన పాచిక వేసి పట్టికలో ఫలితం చూడాలి. పులి-మేకలో అదృష్టానికి చోటు లేదు, వైకుంఠపాళిలో తెలివికి పని లేదు. ఇందులో రెండూ కావాలి.

గెటిస్‌బర్గ్‌లో చనిపోయినవారు, గాయపడినవారు, పట్టుబడినవారు, జాడ తెలియనివారు కలిసి సుమారు 51,000 మంది. మన పిల్లవాడు ఓడిన ముక్కను పెట్టెలో వేసేటప్పుడు, అది ఎందరికి గుర్తో, బానిసత్వం గురించి ఆ యుద్ధం ఎందుకు వచ్చిందో అడుగుదాం. బడిలో చదివింది వాడు చెబుతాడు. ఈ దేశపు చరిత్ర మనకూ కొంత తెలిసివస్తుంది.