నొప్పి పటంలో లేని పాదాలు

ఒళ్ళంతా పరచుకొని కనీసం మూడు నెలలపాటు విడవకుండా ఉండే నొప్పి, రాత్రంతా పడుకున్నా తీరని అలసట, తెల్లవారేసరికి కొయ్యబారినట్లుండే శరీరం, మాట మధ్యలో పదం తట్టకపోవడం, చేస్తున్న పనిమీద మనసు నిలవకపోవడం వంటి లక్షణాలు కలిసివచ్చే దీర్ఘకాలిక రుగ్మతను ఫైబ్రోమయాల్జియా అంటారు. ఈ పేరులోని 'ఫైబ్రో' పీచులాంటి కణజాలాన్ని, 'మయో' కండరాన్ని, 'ఆల్జియా' నొప్పిని సూచిస్తాయి. 1904లో బ్రిటిష్ వైద్యుడు విలియం గోవర్స్ ఇటువంటి నొప్పులకు 'ఫైబ్రోసైటిస్' అని పేరు పెట్టినప్పుడు పీచు కణజాలంలో తాపం, వాపు ఉంటాయని భావించారు. అటువంటి వాపు తరువాతి పరిశీలనల్లో కనిపించకపోవడంతో 1976లో ఫిలిప్ హెంచ్ వాడిన 'ఫైబ్రోమయాల్జియా' అనే పేరు క్రమంగా స్థిరపడింది. అమెరికాలోని వయోజనుల్లో సుమారు 2 శాతం మంది, అంటే దాదాపు 40 లక్షల మంది, దీనితో జీవిస్తున్నారని ఆ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రాల అంచనా. వారిలో స్త్రీలే ఎక్కువ.

ఈ రుగ్మతను గుర్తించడానికి అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ 1990లో ప్రకటించిన ప్రమాణాల్లో వేలితో నొక్కి చూడవలసిన 18 స్థానాలు ఉండేవి. వాటిలో కనీసం 11 చోట్ల నొప్పి పుట్టాలని నియమం. ఆ 18 స్థానాల్లో అన్నిటికంటే కిందివి మోకాళ్ళ లోపలివైపున ఉన్న రెండు. 2010లో వచ్చిన కొత్త ప్రమాణాలు నొక్కి చూడడాన్ని పక్కనపెట్టి, శరీరాన్ని 19 భాగాలుగా విభజించి, గడచిన వారంలో ఎన్ని భాగాల్లో నొప్పి కలిగిందో లెక్కించే పద్ధతిని తెచ్చాయి. ఆ జాబితా దవడలు, మెడ, భుజాలు, చేతులు, ఛాతీ, పొట్ట, వీపు, నడుము, తుంటి, తొడలు మీదుగా సాగి మోకాలి కింది భాగంతో ముగుస్తుంది. పాదాలకు అందులో విడిగా ఒక గడి లేదు. రోగనిర్ధారణ కోసం చేసిన ఏర్పాటు గనుక ఇందులో దోషమేమీ లేకపోయినా, ఆచరణలో దీని ప్రభావం పాదాలమీద పడుతుంది. కీళ్ళవ్యాధుల నిపుణులు శరీరం మొత్తాన్ని చూసే క్రమంలో బూట్లు విప్పించకుండానే పరీక్ష ముగియడం, పాద వైద్యుల దగ్గర ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోతే అది ఫైబ్రోమయాల్జియా నొప్పేనని సరిపెట్టడం, చివరకు రోగులు కూడా ఆ మాటనే నమ్మి అడగడం మానుకోవడం తరచుగా జరిగే విషయాలు. ఫైబ్రోమయాల్జియా ఉన్నవారి పాదాల నొప్పికి విడిగా కారణం వెతకడం అవసరమనీ, ఆ కారణాల్లో అనేకం చికిత్సకు లొంగేవేననీ వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

వెన్నుపాము నుంచి అరికాలి వరకు

ఫైబ్రోమయాల్జియాలో ప్రధానమైన మార్పు కండరాల్లో కంటే నాడీమండలంలోనే ఉందని నేటి వైద్యశాస్త్రం భావిస్తోంది. శరీరం నుంచి వచ్చే సంకేతాలను వెన్నుపాము, మెదడు మామూలుకంటే ఎక్కువ తీవ్రతతో గ్రహించే ఈ స్థితిని సెంట్రల్ సెన్సిటైజేషన్, అంటే కేంద్ర నాడీమండలపు అతిస్పందన, అంటారు. దీనివల్ల రెండు అనుభవాలు కలుగుతాయి. నొప్పి కలిగించకూడని స్పర్శ నొప్పిగా మారడాన్ని అల్లోడీనియా అంటారు. మేజోడు పైఅంచు బిగుతు, కాలివేళ్ళకు తగిలే దుప్పటి బరువు, ఏళ్ళ తరబడి ఉన్న సంగతే తెలియని మెట్టె ఒత్తిడి సైతం కొన్ని రోజుల్లో భరించరానివి కావడం దీనికి ఉదాహరణలు. కొద్దిపాటి నొప్పి అనేక రెట్లుగా అనిపించడాన్ని హైపరాల్జీసియా అంటారు. ఇతరులు రెండడుగులు వేసి మరిచిపోయే గులకరాయి గుచ్చుడు వీరిని ఆ పూటంతా బాధించవచ్చు.

అతిస్పందన ఉన్న నాడీమండలానికి పాదం నుంచి రోజంతా నొప్పి సంకేతాలు అందుతూ ఉంటే ఆ స్పందన మరింత పెరుగుతుందనీ, స్థానికమైన నొప్పి మూలాన్ని తగ్గిస్తే మొత్తం బాధ కూడా కొంత తగ్గే అవకాశం ఉందనీ పరిశోధకులు చెబుతారు. కండరాల్లోని నొప్పి కేంద్రాలకో, నొప్పిగా ఉన్న కీళ్ళకో విడిగా చికిత్స చేసినప్పుడు ఫైబ్రోమయాల్జియా లక్షణాలు సైతం తగ్గినట్లు 2011లో ప్రచురితమైన ఒక ఇటలీ అధ్యయనం చూపింది. పాదాలను పట్టించుకోవడానికి ఇంతకంటే సూటి కారణం మరొకటి ఉంది. యూరోపియన్ కీళ్ళవ్యాధుల సంస్థల సమాఖ్య యూలార్ 2016లో సవరించిన సిఫారసుల్లో మందులనూ ఇతర చికిత్సలనూ తూచి చూసి, బలమైన సిఫారసు అనే స్థాయిని ఒక్క వ్యాయామానికే ఇచ్చింది. ఎక్కువమందికి అందుబాటులో ఉన్న వ్యాయామం నడక గనుక, నడవలేని పాదాలున్న రోగికి అన్నిటికంటే ముఖ్యమైన చికిత్సే దూరమవుతుంది.

ఒకే పాదం, వేర్వేరు నొప్పులు

ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ అడుగున పొడిచినట్లనిపించి, పదడుగులు నడిచేసరికి తగ్గి, ఎక్కువసేపు నిలబడితే మళ్ళీ వచ్చే నొప్పి సాధారణంగా ప్లాంటర్ ఫేషియైటిస్ వల్ల కలుగుతుంది. మడమ ఎముక నుంచి కాలివేళ్ళ మొదళ్ళ వరకు అరికాలిలో పరచుకొని పాదం వంపును నిలిపి ఉంచే దళసరి పొర దెబ్బతినడమే దీనికి మూలం. ముందుపాదంలో, ముఖ్యంగా మూడు, నాలుగు వేళ్ళ మధ్య, రాయి మీద కాలు వేసినట్లు అనిపిస్తూ వేళ్ళలోకి మంట పాకితే అక్కడి నరం చుట్టూ కణజాలం మందమయ్యే మోర్టన్స్ న్యూరోమాను అనుమానిస్తారు. మడమ నొప్పితోపాటు తెల్లవారుజామున నడుము బిగుసుకుపోవడం, కాలివేళ్ళు ఉబ్బడం కనిపిస్తే వెన్నెముక కీళ్ళవాతం వంటి వ్యాధులకు పరీక్షలు చేయవలసి ఉంటుంది. ఫైబ్రోమయాల్జియాకు వాడే ప్రిగాబలిన్ అనే మందు కొందరిలో చీలమండల దగ్గర నీరు చేరేలా చేస్తుంది కాబట్టి, మందు మొదలుపెట్టాక బూట్లు బిగుతయ్యాయంటే ఆ సంగతిని మందు రాసిన వైద్యులకు చెప్పడం అవసరం.

అరికాళ్ళ మంటల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. చర్మంలో నొప్పిని, వేడిని, చల్లదనాన్ని గ్రహించే అతి సన్నని నరాల కొసలు దెబ్బతినడాన్ని స్మాల్ ఫైబర్ న్యూరోపతి అంటారు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి పరిశోధకులు 2013లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ఫైబ్రోమయాల్జియా ఉన్న 27 మంది చర్మ నమూనాలను పరిశీలించగా 41 శాతం మందిలో ఈ మార్పు కనిపించింది. మామూలుగా చేసే నరాల ప్రసరణ పరీక్ష పెద్ద నరాలనే కొలుస్తుంది కాబట్టి ఈ వ్యాధి అందులో బయటపడదు. చీలమండకు కొంచెం పైనుంచి మూడు మిల్లీమీటర్ల వెడల్పుగల చర్మపు ముక్కను తీసి సూక్ష్మదర్శినితో చూడడం దీనికి తగిన పరీక్ష. తెలుగు కుటుంబాల్లో ఈ మంటలకు మరికొన్ని కారణాలను కూడా చూసుకోవాలి. మధుమేహం దక్షిణాసియా మూలాలున్నవారిలో ఎక్కువ; మాంసాహారం ముట్టనివారిలోనూ, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలోనూ బి12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది; థైరాయిడ్ మందగించడం వల్లా నరాలు దెబ్బతినవచ్చు. ఈ మూడింటినీ మామూలు రక్తపరీక్షలతో తెలుసుకోవచ్చు, మూడింటికీ చికిత్స ఉంది.

నొప్పికి తెలుగులో ఉన్న పేర్లు

పాద వైద్యంలో రోగి చెప్పే మాటకు పరీక్షతో సమానమైన విలువ ఉంటుంది. తెలుగులో కాళ్ళు పీకుతాయి, లాగుతాయి, గుంజుతాయి, సలుపుతాయి; అరికాళ్ళు మండుతాయి, చురుక్కుమంటాయి, జివ్వుమంటాయి; వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మొద్దుబారుతాయి. విదేశాల్లో ఉండే తెలుగువారు అక్కడి వైద్యుని ముందు కూర్చోగానే ఇన్ని మాటలూ 'పెయిన్' అనే ఒక్క మాటలో కలిసిపోతే, రోగనిర్ధారణకు పనికివచ్చే సమాచారం చాలావరకు అక్కడే పోతుంది. మంట, తిమ్మిరి, కరెంటు కొట్టినట్లుండే జివ్వుమనడం నరాల వైపు వేలు చూపుతాయి. అడుగు వేసినప్పుడు మాత్రమే వచ్చే పోటు ఎముక, కీలు, స్నాయువుల వైపు చూపుతుంది. పిక్కల నుంచి పాదం దాకా పీకుతున్నట్లుండే బాధ కండరాల అలసటనుగానీ రక్తప్రసరణ లోపాన్నిగానీ సూచించవచ్చు. కాబట్టి ఏ చోట, ఏ వేళ, ఏ పని చేసినప్పుడు, ఏ తీరుగా నొప్పి వస్తుందో రెండు వారాలపాటు తెలుగులోనే రాసుకొని, ఆ తరువాత దానిని ఇంగ్లిషులోకి మార్చుకొని తీసుకువెళ్ళడం మేలు. అమెరికాలో ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు, క్లినిక్కులు ఇంగ్లిషు సరిగా రాని రోగికి ఉచితంగా దుబాసీ సౌకర్యం కల్పించాలని చట్టం చెబుతోంది. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు.

పాద వైద్యుల వద్ద

అమెరికాలో పోడియాట్రిస్టులు నాలుగేళ్ళ పాద వైద్య విద్యతోపాటు సాధారణంగా మూడేళ్ళ రెసిడెన్సీ శిక్షణ పొంది, మందులు రాయడానికీ శస్త్రచికిత్స చేయడానికీ అర్హత ఉన్న నిపుణులు. భారతదేశంలో ఇది ఇంకా విస్తృతంగా స్థిరపడిన ప్రత్యేక వృత్తి కాకపోవడంతో, ఎముకల వైద్యులనో మధుమేహ నిపుణులనో సంప్రదించే అలవాటుతో పిల్లల దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకు ఇటువంటి వైద్యులున్నారన్న సంగతే తెలియకపోవచ్చు. మంచి పరీక్షలో నడకను గమనించడం, నాడిని చూడడం, కంపించే శ్రుతిదండాన్ని బొటనవేలిపై ఆనించడంతోపాటు మోనోఫిలమెంట్ పరీక్ష కూడా ఉంటుంది. చిన్న పిడికి బిగించిన నైలాను పోగు కొసను, రోగి కళ్ళు మూసుకొని ఉండగా, అరికాలిలో కొన్ని చోట్ల నిలువుగా ఆనించి నొక్కుతారు. 10 గ్రాముల ఒత్తిడికి పోగు విల్లులా వంగుతుంది, ఆ క్షణంలో స్పర్శ తెలిస్తే రక్షణ కల్పించే స్పర్శజ్ఞానం అక్కడ నిలిచి ఉన్నట్లు లెక్క.

ఫైబ్రోమయాల్జియా ఉన్న సంగతిని ఈ పరీక్షకు ముందే చెప్పడం అన్నివిధాలా మంచిది. తాకబోయే ముందు చెప్పమనీ, వేలికొసతో పొడిచినట్లు కాకుండా అరచేతితో నెమ్మదిగా పట్టుకోమనీ, చేయి ఎత్తగానే ఆపమనీ, గోళ్ళు తీసేటప్పుడు మధ్యలో విరామం ఇవ్వమనీ అడిగే హక్కు రోగికి ఉంది. మడమలోకి స్టెరాయిడ్ సూది ప్రతిపాదించినప్పుడు దానివల్ల మడమ కింది కొవ్వు మెత్త పలచబడడం, అరికాలి పొర తెగడం వంటి ప్రమాదాలు అరుదుగానైనా ఉన్నాయని తెలుసుకొని, పిక్కలను, అరికాలిని సాగదీసే వ్యాయామాలూ, తగిన పాదరక్షలూ ముందుగా ప్రయత్నించారా అని ఆలోచించాలి. బూటులో అమర్చే ఆర్థోటిక్ ఆధారాలను మొదటి రోజే పూటంతా వాడితే కొత్త నొప్పులు రావచ్చు కాబట్టి, రోజుకు గంటతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి.

ఖర్చు విషయంలో ముందుగా తెలుసుకోవలసిన అంశం ఒకటి ఉంది. గోళ్ళు కత్తిరించడం, ఆనెకాయలు తీయడం వంటి సేవలను అమెరికాలో ముఖ్యంగా వయోవృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ మామూలు పాద సంరక్షణగా పరిగణించి చెల్లించదు. మధుమేహం, కాళ్ళ రక్తనాళాల వ్యాధి, పాదాలను దెబ్బతీసే కొన్ని నరాల వ్యాధులు తీవ్రంగా ఉన్నవారికి మినహాయింపు ఇచ్చినా, ఆ జాబితాలో ఫైబ్రోమయాల్జియా పేరు లేదు. అయితే మడమ ఎముక పెరుగుదల, వంకరపోయిన వేళ్ళు వంటి రోగాల చికిత్సను వైద్యపరమైన అవసరంగా గుర్తిస్తుంది. అందువల్ల ఫైబ్రోమయాల్జియా పేరు ఒక్కటే రాసి ఉన్న పత్రంకంటే, పాదంలో ఉన్న అసలు రోగం పేరుతో నిర్ధారణ జరగడం చికిత్సకూ బీమాకూ కూడా అవసరం. సందర్శకులుగా వచ్చే తల్లిదండ్రుల బీమా పాలసీల్లో చాలావాటికి ముందునుంచీ ఉన్న జబ్బులపై పరిమితులు ఉంటాయి కనుక, వారి రక్తపరీక్షలు, పాద పరీక్ష బయలుదేరేముందే ఊళ్ళో చేయించుకోవడం ఉత్తమం.

ఇంట్లో, గుడిలో

గడప బయట చెప్పులు విడవడం తెలుగు ఇళ్ళ ఆచారం. ఆ ఆచారం విదేశాల్లోని చెక్క నేలలమీద, చల్లని టైల్స్ మీద మారకుండా కొనసాగుతున్నప్పుడు, గంటల తరబడి వంటింట్లో నిలబడే పాదాలకు ఆధారం కరువవుతుంది. ఇంట్లో మాత్రమే వాడే, పాదం వంపుకు ఊతమిచ్చే మెత్తని చెప్పుల జత, పొయ్యి ముందు ఒక మందపాటి చాప ఉంటే ఆచారానికి భంగం లేకుండానే మడమలకు ఉపశమనం కలుగుతుంది. కొత్త బూట్లను పాదాలు కొంత ఉబ్బి ఉండే సాయంత్రం వేళ కొనాలి; పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. స్నానం తరువాత మెత్తబడిన గోళ్ళను మూలలు లోతుగా తీయకుండా అడ్డంగా కత్తిరించుకోవాలి. వంగలేని రోజుల్లో ఆ పనిని ఇంట్లోవారికి అప్పగించడంలో సంకోచం అక్కరలేదు. వేళ్ళు ఉబ్బుతున్నట్లయితే మెట్టెలను వదులు చేయించుకోవడమో, తీసి ఉంచడమో మంచిది.

శ్రమను విడతలుగా పంచుకోవడాన్ని పేసింగ్ అంటారు. గుడి మొక్కుల విషయంలో ఇది ముఖ్యంగా అవసరం. హైదరాబాదు దగ్గరి చిలుకూరు బాలాజీ ఆలయంలో మొక్కుకునేటప్పుడు 11, కోరిక తీరాక 108 ప్రదక్షిణలు చేయడం ఆనవాయితీ. వీసా కోసం మొక్కుకొని విదేశాలకు వెళ్ళినవారు సెలవుల్లో వచ్చి ఆ మొక్కు చెల్లిస్తుంటారు. ఏడాదంతా బూట్లకు అలవాటుపడిన పాదాలతో, ప్రయాణపు అలసట తీరకముందే, ఒక్కపూటలో చెప్పులు లేకుండా అన్ని చుట్లు తిరగడం ఫైబ్రోమయాల్జియా ఉన్నవారిని రోజుల తరబడి మంచానికి పరిమితం చేయవచ్చు. కొన్ని వారాల ముందునుంచి నడకను కొద్దికొద్దిగా పెంచుకోవడం, నేల చల్లగా ఉండే వేకువను ఎంచుకోవడం, అలసట రాకముందే కూర్చోవడం పాటిస్తే భక్తికీ ఆరోగ్యానికీ పొత్తు కుదురుతుంది.

ఒక కాలు మాత్రమే ఎర్రబడి వేడిగా ఉబ్బడం, మానని పుండు, వేళ్ళ రంగు మారడం, పాదం ఎత్తలేకపోవడం, మొద్దుబారడం రోజురోజుకూ పైకి పాకడం వంటివి కనిపిస్తే వాటిని ఫైబ్రోమయాల్జియాకు అంటగట్టక వెంటనే వైద్యులను చూడాలి. మిగిలిన నొప్పుల విషయంలోనూ పాఠకులకు చేసే విన్నపం చిన్నదే. తదుపరిసారి క్లినిక్కులో మనిషి బొమ్మ ఉన్న కాగితం చేతికిచ్చి నొప్పి ఉన్న చోట్లు గుర్తుపెట్టమన్నప్పుడు, పాదాలకు గడి ఉన్నా లేకపోయినా అక్కడ కలంతో గీత గీయాలి. వైద్యులు గదిలోకి వచ్చేసరికి బూట్లు, మేజోళ్ళు విప్పి కూర్చోవాలి.