పుల్ల చెర్రీ నేర్పు పాఠము

గ్రామములోని రైతులందరును ఒకే రకపు పంటను వేసిన యెడల అమ్మకము సులభమగును, బేరము కుదురును. కాని తెగులు సోకినను, అకాల వాతావరణము సంభవించినను నష్టము కూడ అందరికిని ఒక్కమారే వచ్చును. ఈ సత్యమును దూరదేశపు ఫలమొకటి స్పష్టముగా చూపుచున్నది. అదియే పుల్ల చెర్రీ.

మన మిఠాయి దుకాణములలో చెర్రీ పేర అమ్ముడుపోవునది పెక్కుసారులు వాక్కాయయే. దానిని పంచదార పాకములో ఊరవేసి రంగు కలుపుదురు. నిజమైన చెర్రీ గులాబి కుటుంబమునకు చెందిన చెట్టు. తియ్య చెర్రీకిని, పొదగా పెరుగు అడవి చెర్రీకిని సహజముగా కలిగిన సంకరము వలన పుల్ల చెర్రీ పుట్టినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. తియ్య చెర్రీ కణములలో 16 క్రోమోజోములుండగా, పుల్ల చెర్రీలో 32 గలవు. శీతకాలమున దీర్ఘకాలము చలిలో నిద్రించినగాని ఈ చెట్టు సరిగా పూయదు. కావున మన మైదానములకు ఇది తగదు. పోలండు, టర్కీ, హంగరీ మొదలగు దేశములలోను, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమునను దీనిని విరివిగా పెంచుచున్నారు. పండ్లను జాము, రసము, ఎండు పండ్లుగా మార్చి అమ్ముదురు.

ఒకే రకము, ఒకే ముప్పు

మిషిగన్ తోటలలో దాదాపు అంతటను కనిపించునది మాంట్‌మొరెన్సీ అను పురాతన ఫ్రెంచి రకము. 2012 మార్చిలో అచ్చట అకాలముగా వేడిమి హెచ్చెను. చెట్లు వసంతము వచ్చెనని భ్రమించి ముందుగానే మొగ్గ తొడిగెను. ఏప్రిలులో మరల మంచు గడ్డకట్టు రాత్రులు వచ్చెను. పూత సమయమున సున్న డిగ్రీలకు రెండు మూడు డిగ్రీలు దిగువకు పోయినను పువ్వులోని అండాశయము చచ్చును. ఆ యేట ఆ రాష్ట్రపు పుల్ల చెర్రీ పంటలో సుమారు నూటికి తొంబది పాళ్లు నశించినది. చెట్లన్నియు ఒకే రకమగుటచే అన్నియు ఒకేసారి పూచినవి, ఒకేసారి దెబ్బతిన్నవి. రకములు వేరయినంత మాత్రమున మంచు ఆగదు గాని, పూత కాలములు వేరయినచో కొంత పంటయైనను దక్కును. అందుచేతనే ఆలస్యముగా పూయు రకములను, ఆకుమచ్చ తెగులును తట్టుకొను రకములను సృష్టించుటకు మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమున పరిశోధన సాగినది.

గ్రామపు చెట్టే విత్తన నిధి

ఈ పరిశోధనకు కావలసిన మూలధనము ఎచ్చట లభించినది? తూర్పు ఐరోపా గ్రామములలో. హంగరీలో పాండీ అను రకము రుచికి పేరొందినది. కాని తన పుప్పొడితో తాను కాయలేదు. ప్రక్కన తగిన వేరొక రకము లేనిచో కాపు స్వల్పము. అచ్చటి శాస్త్రజ్ఞులు ఊరూర తిరిగి, స్థానిక చెట్లను పరిశీలించి, తన పుప్పొడితోనే గుత్తులుగా కాయు వానిని ఎంచిరి. ఊయ్‌ఫెహెర్తో అను పట్టణపు పేర ప్రసిద్ధమైన రకము అట్టిదే. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయపు శాస్త్రవేత్త్రి ఏమీ ఐజోని దానిని అమెరికాకు తెప్పించి పరీక్షింపగా, 1990ల దశకమున బాలటాన్ అను పేర రైతులకు అందినది. పరదేశపు పెద్ద విశ్వవిద్యాలయమునకు ఆధారమైనది పల్లెజనులు కాపాడిన చెట్టేయని గమనింపవలెను.

రంగులోని శాస్త్రము

పండు ఎరుపునకు కారణము ఆంథోసయనిన్ అను వర్ణద్రవ్యము. వృక్షవర్ణములపై కృషికి జర్మను శాస్త్రజ్ఞుడు రిచర్డ్ విల్‌స్టాటర్ 1915లో నోబెలు బహుమతి పొందెను. నేరేడు పండులోను, వంకాయ తోలులోను, ఎర్ర గోంగూర కాడలోను ఉన్నవి ఈ జాతి వర్ణములే. ఇవి పులుపులో ఎర్రనగును, క్షారములో రంగు మారును. ఎర్ర మందార రేకులను నీటిలో నలిపి, కొంత నీటికి నిమ్మరసమును, కొంత నీటికి వంటసోడాను కలిపి పాఠశాల పిల్లలకు ఈ మార్పును చూపవచ్చును. మాంట్‌మొరెన్సీకి రంగు తోలులోనే యుండును, కండ పాలిపోయి యుండును. బాలటాన్‌కు కండయు ఎర్రనిదే. దానిలో ఈ వర్ణము పలు రెట్లు అధికము, కావున రసము చిక్కని రంగు గలదై యుండును. అయితే వేడికిని, వెలుతురుకును, దీర్ఘకాలపు నిలువకును ఈ వర్ణము క్షీణించును. ఇట్టి పండ్లు మంచి ఆహారమే గాని, రోగములకు మందని ప్రచారము చేయుట తగదు.

మన కర్తవ్యము

మన గ్రామములందును పెరటి మామిడి, చింత, నేరేడు, వాక్కాయలలో విశిష్టమైన చెట్లు గలవు. ఒకటి ఆలస్యముగా పూయును, ఒకటి ఏటేట తప్పక కాయును, ఒకటి తెగులునకు లొంగదు. వాని గుణము తెలిసిన వృద్ధులు గతించినచో ఆ జ్ఞానమును గతించును. చెట్టు కొట్టివేయబడినచో విత్తనమును పోవును. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము స్థానిక సంస్థలు జీవవైవిధ్య యాజమాన్య కమిటీలను ఏర్పరచవలెను. ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయుట ఆ కమిటీల ముఖ్య విధి.

పంచాయతీ సభ్యులు తమ రిజిస్టరును ఒకమారు తెరచి చూడవలెను. అందు చెట్టు పేరు మాత్రమే గాక, అది యున్న చోటు, పూత కాలము, కాపు, రుచి, తెగులును తట్టుకొను శక్తి వ్రాయబడినవా? లేనిచో వ్రాయింపవలెను. మంచి చెట్టునుండి అంట్లు కట్టించి, బడి ఆవరణలోను, పంచాయతీ స్థలములోను నాటింపవలెను. ఇందుకు వ్యయము స్వల్పము. కాని నేడు ఒక పెరటిలో నిలిచియున్న ఒంటరి చెట్టు, రేపు ఆపద వచ్చిననాడు ఎందరో రైతుల తోటలకు ఆధారము కావచ్చును.