క్విజ్‌లో నాకొచ్చిన మార్కులు సున్నా!

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు పిల్లల చేతుల్లోంచి ఫోన్లు లాగేసి క్విజ్‌ పెట్టా. రోజూ కోడ్‌ రాసేవాణ్ని, ప్రశ్నలు రాయడం ఎంతసేపు అనుకున్నా. 1983 వరల్డ్‌కప్‌లో మన కెప్టెన్‌ ఎవరు? రూపాయి గుర్తు ఏ ఏడాది వచ్చింది? ఇలాంటివే ఇరవై.

నాలుగో క్లాసు చదివే అన్నయ్య కూతురు ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయింది. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి, 'బాబాయ్‌, నాకేం రాదా?' అంది. తింటున్న అరిసె గొంతు దిగలేదు.

రాత్రి ఆ ప్రశ్నలన్నీ మళ్లీ చూసుకున్నా. అవి మనలాంటివాళ్లు పోటీ పరీక్షలకు బట్టీ పట్టినవి. తొమ్మిదేళ్ల పిల్లకు వాటితో ఏం పని? ఎవరు వాడతారో చూసుకోకుండా యాప్‌ చేస్తే ఆఫీసులో ఊరుకుంటారా? ఇదీ అంతే కదా! అందుకే కనుమ రోజుకి కొత్తగా రాశా.

ఏడేళ్లలోపు వాళ్లకు కళ్లతో చూసినవే అడిగా. సాలెపురుగుకి ఎన్ని కాళ్లు? జవాబు గోడమీదే ఉంటుంది.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్లకైతే ఆలోచిస్తే అందేవి. సూర్యుణ్ని చుట్టి రావడానికి బుధుడికి 88 రోజులు, భూమికి 365. మరి ఇంకా దూరంగా ఉన్న అంగారకుడికి ఎక్కువా, తక్కువా? 687 అని తెలియకపోయినా 'ఎక్కువ' అని చెప్పేస్తారు.

టీనేజర్లను తేదీలు కాదు, కారణాలు అడగాలి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్‌-3 దిగిందని ఫోనే చెబుతుంది. దానికి పారాచూట్‌ ఎందుకు పెట్టలేదు? చంద్రుడి మీద గాలి లేదుగా!

ఇంకోమాట. పోటీకి ముందు ఆ వయసు పిల్లలు ఇద్దరిని పిలిచి అడిగి చూడండి. ఇద్దరూ తెల్లమొహం వేస్తే ప్రశ్న తీసేయండి.

చివర్లో పెద్దాచిన్నా అందరికీ ఒకటే ప్రశ్న: గ్రహాలెన్ని? నాన్న ఠక్కున 'తొమ్మిది' అన్నారు. ఆయన చదువుకున్నప్పుడు అంతే మరి. ప్లూటోని 2006లో మరుగుజ్జు గ్రహాల్లో కలిపేశారు. 'ఎనిమిదే తాతయ్యా!' అని మా పాప గంతేసింది.

అంతటితో ఆగలేదు. సాయంత్రానికి తనే పది ప్రశ్నలు రాసుకొచ్చి నన్ను కూర్చోబెట్టింది. మొదటిది, 'మా క్లాస్‌ లీడర్‌ ఎవరు?' రెండోది, 'మా బస్సు నంబరెంత?' పదికి పదీ తప్పాయి. 'ఫర్లేదులే బాబాయ్‌, నీకూ వస్తాయి' అని ఓదార్చింది. ముందురోజు నేను తనకు చెప్పాల్సిన మాట అది.