ఆగడం మరచిన మీట: రాస్ జన్యువు కథ

మనిషి మూత్రాశయంలో పెరిగిన కేన్సరు గడ్డనుంచి వేరుచేసిన ఒక జన్యువును, ఆరోగ్యంగా ఉన్న కణంలోని అదే జన్యువు పక్కన పెట్టి చదివితే కనిపించే తేడా ఎంత? 1982లో అమెరికాలోని మూడు పరిశోధక బృందాలు విడివిడిగా ఈ ప్రశ్న వేసుకుని ఒకే జవాబుకు చేరాయి: ఒక్క అక్షరం. వేల అక్షరాల ఆ డీఎన్ఏ ముక్కలో ‘జి’ ఉండవలసిన ఒకానొక చోట ‘టి’ ఉంది. దాంతో ఆ జన్యువు రాయించే ప్రోటీన్‌లో పన్నెండవ అమైనో ఆమ్లం గ్లైసీన్‌కు బదులు వేలీన్ అయింది. అంతకుమించి ఏమీ లేదు. ఆ మూడు పత్రాలలో ఒకదాని మొదటి రచయిత ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డి, హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసి అమెరికా వెళ్ళినవారు.

ఆ జన్యువు పేరు హెచ్-రాస్. ‘రాస్’ అన్న మాట ‘రేట్ సార్కోమా’కు పొట్టిరూపం, 1960లలో ఎలుకలలో కణితులు పుట్టించే వైరస్‌ల ద్వారా ఈ కుటుంబం తొలిసారి పరిశోధకుల కంటబడింది. మనిషిలో దీనికి ఇద్దరు తోబుట్టువులున్నారు: కే-రాస్, ఎన్-రాస్. కేన్సర్లలో తరచుగా చెడేది పన్నెండవ క్రోమోజోము మీద ఉండే కే-రాస్.

రాస్ ప్రోటీన్ చిన్నది, 190 అమైనో ఆమ్లాలు కూడా ఉండవు. కణపు పొర లోపలివైపు అంటిపెట్టుకుని మీటలాగా పనిచేస్తుంది. జీడీపీ అనే అణువును (ఆర్థికశాస్త్రజ్ఞుల జీడీపీ కాదు) పట్టుకుని ఉన్నంతసేపూ అది నిద్రలో ఉన్నట్టే. ‘పెరుగు’ అనే సంకేతం కణం ఉపరితలాన్ని తాకినప్పుడు సాస్ అనే మరో ప్రోటీన్ వచ్చి ఆ పట్టు సడలిస్తుంది. జీడీపీ జారిపోయి, దానికంటె ఒక ఫాస్ఫేటు ఎక్కువున్న జీటీపీ వచ్చి కూర్చుంటుంది. రాస్ ఆకారం మారుతుంది. రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రోటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుకుంటూ కబురును కేంద్రకానికి మోస్తాయి. కణం విభజనకు సిద్ధపడుతుంది.

ఇంతవరకూ జబ్బు ఏమీ లేదు. గాయం మానాలన్నా, పేగు లోపలిపొర కొత్తగా రావాలన్నా ఈ మీట పడవలసిందే. చిక్కంతా దాన్ని తిరిగి ఎత్తడంలో ఉంది.

జీటీపీలోని మూడవ ఫాస్ఫేటును తెంచుకుంటే రాస్ మళ్ళీ నిద్రలోకి పోతుంది. ఆ పని తనంత తానుగా చేయగలదు కాని, చాలా నెమ్మదిగా. గ్యాప్ అనే ప్రోటీన్లు తోడైతే వేగం సుమారు లక్ష రెట్లవుతుంది. గ్యాప్ తనలోని ఒక ఆర్జినీన్‌ను రాస్ గూటిలోకి చొప్పిస్తుంది. జీవరసాయన శాస్త్రజ్ఞులు దాన్ని ‘ఆర్జినీన్ వేలు’ అంటారు. తెలుగులో వేలు పెట్టడమంటే అక్కరలేని జోక్యమే గాని, ఇక్కడ ఆ వేలు పెట్టకపోతేనే ప్రమాదం. గ్లైసీన్ అమైనో ఆమ్లాలన్నింటిలోకి చిన్నది, దాని పక్కకొమ్మ ఒక్క హైడ్రోజన్ పరమాణువు మాత్రమే. అందుకే అక్కడ వేలికి చోటుంది. ఆ పన్నెండవ స్థానంలో వేలీనో, ఆస్పార్టిక్ ఆమ్లమో, సిస్టీనో వచ్చి కూర్చుంటే దారి మూసుకుపోతుంది. పిలిచేవారు లేకున్నా కణం పలుకుతూనే ఉంటుంది.

మీట బాగానే ఉండి, ఎత్తే చెయ్యి లేకపోయినా ఫలితం ఈ తీరుగానే ఉంటుందనడానికి న్యూరోఫైబ్రొమటోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి నిదర్శనం. అందులో చెడేది న్యూరోఫైబ్రొమిన్. అదీ ఒక గ్యాప్ ప్రోటీనే.

ఈ వివరం ప్రయోగశాల గోడలు దాటి రోగి మంచం దాకా వచ్చింది. పెద్దపేగు కేన్సరు ముదిరినప్పుడు వాడే సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ మందులు ‘పెరుగు’ సంకేతాన్ని కణం బయటే, ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకం దగ్గర అడ్డుకుంటాయి. లోపల రాస్ ఇరుక్కుపోయి ఉంటే తలుపు దగ్గర కాపలా దండగ. పెద్దపేగు కేన్సర్లలో సుమారు నలభై శాతం కే-రాస్ చెడినవే. అందుకే ఈ మందులకు ముందు రాస్ పరీక్ష తప్పనిసరి. ఊళ్ళో ఉన్న తండ్రి రిపోర్టును వాట్సాప్‌లో తెరిచి చూసే కొడుక్కి ‘వైల్డ్ టైప్’ అన్న మాట భయపెట్టేలా కనిపించవచ్చు. నిజానికి అది మార్పు లేదన్న మంచి కబురు. మార్పు ఉన్నా, అది దాదాపు ఎప్పుడూ గడ్డలో పుట్టినదే గాని పిల్లలకు సంక్రమించేది కాదు.

రాస్‌నే నేరుగా పట్టే మందు కోసం మూడు దశాబ్దాలు వెతికారు. జీటీపీని అది వదలనంత గట్టిగా పట్టుకుంటుంది. ఒంటిమీద మందు అతుక్కునే గుంటలు లేవు. 2013లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు కెవాన్ షోకాట్ బృందం ఒక సందు కనిపెట్టింది. పన్నెండవ స్థానంలో సిస్టీన్ వచ్చిన రాస్‌కు, సిస్టీన్‌లోని గంధకం పుణ్యమా అని, మందు శాశ్వతంగా అతుక్కోగలదు. పైగా ఆ రకం రాస్ పూర్తిగా ఇరుక్కుపోదు. అప్పుడప్పుడు జీడీపీ స్థితికి వస్తుంది. మందు సరిగ్గా ఆ క్షణాన పట్టుకుని, మళ్ళీ లేవనివ్వదు. ఈ దారిలో వచ్చిన సోటోరాసిబ్‌కు 2021 మేలో అమెరికాలో ఊపిరితిత్తుల కేన్సరుకు అనుమతి లభించింది. అనుమతికి ఆధారమైన పరీక్షలో 124 మంది రోగులలో 37 శాతం మందికి గడ్డలు గణనీయంగా తగ్గాయి. వ్యాధి అదుపులో ఉన్న మధ్యస్థ కాలం మాత్రం ఏడు నెలలు కూడా లేదు. కణాలు వేరే దారులు వెతుక్కుంటాయి.

క్లోమం కేన్సర్లలో తొంభై శాతం దాకా కే-రాస్ చెడినవే. అయితే అక్కడ పన్నెండవ స్థానంలో ఎక్కువగా కనిపించేది ఆస్పార్టిక్ ఆమ్లం. అందులో గంధకం లేదు. సోటోరాసిబ్‌కు పట్టు దొరకదు.